ఎలుగుబంటి నాటిన నేరేడు

ఆషాఢం మొదట్లో ఒక పొద్దున శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక జీడితోట గట్టు మీద నడుస్తున్నాం. ముందున్న రైతు చటుక్కున ఆగి చేతికర్రతో నేల మీదికి చూపించాడు. రెండు దోసిళ్లంత నల్లటి పెంట. కర్రతో కదిపితే లోపలంతా నేరేడు గింజలు, వాటి మధ్య మెరుస్తూ చెదపురుగుల తలకాయలు. నాలుగడుగుల అవతల ఇంకొకటి ఉంది, పాతది. తొలకరికి కరిగి మట్టిలో కలిసిపోయింది. అందులోంచి ఐదారు నేరేడు మొలకలు ఒకే గుత్తిగా లేచాయి. లేతాకులు ఇంకా రాగిరంగులోనే ఉన్నాయి.

"గుడ్డెలుగు. ఇది రాత్రిది, అది నెల కిందటిది" అన్నాడు, పాల ప్యాకెట్ల తేదీలు చెప్పినంత మామూలుగా.

నేనేం రాస్తుంటానని అంతకుముందే అడిగాడు. మాయమైన జంతువులను మళ్లీ అడవులకు తెచ్చే ప్రయత్నాల గురించి రాస్తున్నానని చెప్పాను. ఆ మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "మళ్లీ తేవడం ఏమిటి బాబూ? మా దగ్గర ఇవి పోతే కదా తేవడానికి! పంపేసే మార్గం ఏదైనా ఉంటే అది రాయండి" అన్నాడు.

రీవైల్డింగ్ గురించి ఎక్కడ ఏది చదివినా ఆ మాటే అడ్డొస్తోంది. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఈ చర్చ లేని జంతువును తేవడంతో మొదలవుతుంది. శ్రీకాకుళంలో అది ఉన్న జంతువుతో మొదలవ్వాలి. ఈ ఒక్క తేడాతో చిక్కుముడి ఆకారమే మారిపోతుంది.

ముందు మాట సంగతి. తెలుగులో దీనికి ఇంకా పేరు కుదరలేదు. అక్కడక్కడ పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు కనిపిస్తాయి గాని, వాటిని నోరు తిరిగి పలికేలోపు అడవి దానంతట అదే పెరిగిపోతుంది. కాబట్టి రీవైల్డింగ్ అనే అందాం. 1990ల మొదట్లో అమెరికాలో పుట్టిన మాట ఇది. 1998లో మైకేల్ సూలే, రీడ్ నాస్ అనే జీవశాస్త్రవేత్తలు దానికి ఒక రూపం ఇచ్చారు. పెద్ద పెద్ద అడవి ముక్కలు ఉండాలి, ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి జంతువులు నడిచిపోయే దారులు ఉండాలి, అన్నిటికీ పైన వేటాడే మృగాలు ఉండాలి అన్నారు. ఈ మూడూ ఉంటే మిగతా పని ప్రకృతి చూసుకుంటుందని వాళ్ల నమ్మకం. తర్వాత ఈ మాట సాగి సాగి ఇప్పుడు ఊరి చివర పార్కులో గడ్డి కోయకుండా వదిలేయడానికి కూడా వాడుతున్నారు. అంత సాగదీస్తే ఏ మాటకైనా పదును పోతుంది. నాకు పనికొచ్చిన అర్థం ఇది: ఒక నేలలో జీవులు ఒకప్పుడు చేసిన పనులు మళ్లీ వాటి చేతికే అప్పగించి, మన చెయ్యి కొంత వెనక్కి తీసుకోవడం.

ఈ సిద్ధాంతానికి పోస్టరు బొమ్మ ఎల్లోస్టోన్ తోడేలు. అమెరికాలోని ఆ జాతీయ పార్కులో 1926 నాటికి తోడేళ్లను వేటాడి తుడిచిపెట్టేశారు. 1995, 96లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలారు. అవి ఎల్క్ అనే పెద్ద దుప్పులను తిన్నాయి, బెదరగొట్టాయి. దుప్పులు మేయడం తగ్గి వాగుల పక్కన విల్లో చెట్లు పెరిగాయి. చెట్లు వస్తే వాటిని కొరికి వాగులకు అడ్డకట్టలు కట్టే బీవర్లు వచ్చాయి. తోడేళ్లు నదుల నడకనే మార్చేశాయని వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి.

కథ బాగుంది. నిజం మాత్రం కొంచెం కుంటుతూ నడుస్తుంది. దుప్పులు తగ్గడానికి తోడేళ్లతో పాటు పార్కు బయట మనుషుల వేట, ఎలుగుబంట్లు, కరువు కూడా కారణాలే. అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. తోడేళ్లు లేని డెబ్బై ఏళ్లలో బీవర్లు కూడా చాలా వాగులను వదిలిపోయాయి. అడ్డకట్టలు లేక నీరు దూకుడుగా పారి వాగులు లోతుగా కోసుకుపోయాయి, పక్కనున్న భూగర్భజలం దిగిపోయింది. అలాంటి చోట దుప్పి నోరు పెట్టకుండా కంచె వేసినా విల్లో సరిగా ఎదగలేదని ఇరవై ఏళ్ల పాటు ప్రయోగం చేసి చూసినవాళ్లు తేల్చారు. ముల్లు తీశారు సరే, పుండు మానాలంటే దాని లెక్క దానికుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మన బీలల దగ్గరికి వచ్చేటప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

పచ్చగా ఉన్నదంతా అడవేనా

ఆ జీడితోట ఉన్న తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఆ పేరు ఉద్యానవనంలోంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ తోటలను పడగొట్టేదాకా బయటివాళ్లు దీన్ని కోనసీమతో పోల్చేవాళ్లు. ఆకాశం నుంచి చూస్తే దట్టమైన పచ్చదనం. మన దేశంలో అటవీ విస్తీర్ణాన్ని లెక్కించేది కూడా ఆకాశం నుంచే. ఉపగ్రహ చిత్రంలో ఒక హెక్టారుకు తగ్గని నేల మీద పది శాతానికి తగ్గకుండా చెట్ల గొడుగు కనిపిస్తే, అది అటవీ విస్తీర్ణం కింద జమ. చెట్టు ఏ జాతిది, నేల ఎవరిది అని ఆ లెక్క అడగదు. అంటే కొబ్బరితోట, జీడితోట, సముద్రం పక్కన గాలికి అడ్డుగా వేసిన సరుగుడు తోపు, అన్నీ ఆ పటంలో ఆకుపచ్చే.

ఇందులో మోసం ఏమీ లేదు, ఆ కొలత అలాంటిది. కాని రీవైల్డింగ్ దగ్గర జనం పొరబడేది ఇక్కడే. మొక్కలు నాటడం వేరు, అడవి తిరిగి రావడం వేరు. సరుగుడు తోపులో మధ్యాహ్నం పూట ఒక్కసారి నిలబడి చూడండి. కింద ఎండిన సూదుల పరుపు తప్ప పొదలేదు, పాకే తీగ లేదు, పిట్ట కూత కూడా అరుదు. తుఫాను గాలికి అది ఊరిని కాపాడుతుంది, పొయ్యిలోకి కట్టె ఇస్తుంది. ఆ మేలు తీసివేయలేనిది. కాని అలలు తాకేంత దగ్గరగా వేసినచోట, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు గొయ్యి తవ్వుకునే ఖాళీ ఇసుక తగ్గిపోతుంది. ఈ తాబేలు గుడ్డులో ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి, కాబట్టి నీడ పడితే ఆ లెక్క కూడా మారుతుంది. పచ్చదనం పెరిగింది, తాబేలుకు చోటు తరిగింది. రెండూ ఒకే ఇసుక మీద జరిగాయి.

మరి అడవికీ తోటకూ తేడా ఎక్కడుంది? ఎన్ని చెట్లున్నాయన్నది ఒక్కటే చూస్తే తెలియదు. ఎవరు ఏం పని చేస్తున్నారో చూడాలి. మళ్లీ ఆ పెంట దగ్గరికి వెళదాం.

గుడ్డెలుగు భారత ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి, పెదాలను గొట్టంలా చాచి, చెదపుట్టలోని పురుగులను గాలితో సహా లాగేస్తుంది. దుమ్ము వెళ్లకుండా ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది. పండ్ల కాలంలో మాత్రం పురుగులు పక్కన పెట్టి రేగు, నేరేడు, రేల, ఇప్పపూవు, పనస ఏది దొరికితే అది తింటుంది. గింజలను నమలదు, మింగేస్తుంది. రాత్రంతా తిరిగి, తల్లిచెట్టుకు దూరంగా, ఎరువుతో సహా ఇంకెక్కడో వదిలిపెడుతుంది. పుట్టలు తవ్వి మట్టిని తిరగేస్తుంది. ఇంత పని చేసే మనిషిని కూలికి పెట్టుకుంటే రోజుకు ఎంత ఇవ్వాలో ఊహించుకోండి. ఎలుగు పోయినా నేరేడు చెట్టు మరునాడే చచ్చిపోదు. యాభై ఏళ్లు నిలబడుతుంది, ఏటా కాస్తుంది. పండ్లు దాని కిందే రాలి కుళ్లుతాయి. పటంలో పచ్చదనం అలాగే ఉంటుంది గాని ఆ చెట్టు సంతానం నాలుగు అడుగులు దాటి వెళ్లదు.

ఒక జీవి పని ఆగిపోతే ఏమవుతుందో దేశానికి అనుభవమే. 1990లలో పశువులకు నొప్పి తగ్గించే మందుగా డైక్లోఫెనాక్ వాడకం పెరిగింది. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. మూడు జాతుల రాబందులు కొన్నేళ్లలోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు గాని అప్పటికే జరగాల్సింది జరిగింది. ఊరి బయట కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, నీరు చెడింది. రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు దేశంలో ఏటా సుమారు లక్ష మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం అంచనా వేసింది. శవం మీద వాలే పక్షిని చూసి ముఖం తిప్పుకున్నవాళ్లమే మనమంతా.

బీడు వదలడం మనకు కొత్త కాదు

సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు తరతరాలుగా పోడు చేస్తున్నారు. (జిల్లాల విభజనతో 2022 నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కొండకు మాత్రం ఆ సంగతి తెలియదు.) ఎండాకాలంలో పొదలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, వానలు పడగానే చోడి, సామ, కంది, జొన్న కలిపి చల్లుతారు. రెండు మూడు పంటల తర్వాత ఆ చెలకను వదిలేసి ఇంకోచోటికి వెళతారు. అధికారుల భాషలో పోడు అంటే అడవిని నరకడం. ఆ మాటలో సగమే ఉంది. మిగతా సగం వదిలేయడం.

ఆ వదిలేయడంలో ఉన్న తెలివి దగ్గర నుంచి చూస్తే గాని అర్థం కాదు. పోడు కొట్టేటప్పుడు ఇప్ప, చింత, జీలుగు, మామిడి వంటి చెట్లను ముట్టుకోరు. కొట్టిన చెట్లను కూడా వేళ్లతో పెకలించరు, మోకాలి ఎత్తున మోడు ఉంచుతారు. పైరు కోసుకున్నాక వానకాలం వచ్చేసరికి ఆ మోడు నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయి. కింద వేరు ఎన్నో ఏళ్ల నాటిది, దానికి నీటి దారి తెలుసు. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క మొదటి ఏడాదంతా బతకడానికే పోరాడుతుంటే, ఈ పిలక అప్పటికే మనిషి ఎత్తు దాటుతుంది. వదిలిపెట్టిన ఇప్పచెట్టు మీద రాత్రి గబ్బిలాలు, పగలు పిట్టలు వాలతాయి. ఎక్కడో తిన్న గింజలను ఇక్కడ రాలుస్తాయి. ఒక్క పెద్దచెట్టు చుట్టూ ఎన్ని రకాల మొలకలు వస్తాయో లెక్కపెడితే, వనమహోత్సవం నాడు మనం పట్టుకునే పలుగు, పార చూసి సిగ్గేస్తుంది.

ఈ పద్ధతి పని చేయాలంటే చెలకకు విశ్రాంతి కావాలి. పూర్వం పదీ పదిహేనేళ్లు దొరికేది. నేల తగ్గి, కుటుంబాలు పెరిగి, ఆ గడువు మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయింది. చాలాచోట్ల ఆ వాలు మీదే జీడి మొక్కలు వచ్చాయి, వాటిని ప్రభుత్వ పథకాలే ప్రోత్సహించాయి. జీడి గిరిజన కుటుంబానికి చేతిలో డబ్బు తెచ్చింది, ఆ మాట దాచకూడదు. కాని జీడితోట కింద ఏటా పొదలు కొట్టేయాలి, లేకపోతే రాలిన పిక్కలు ఏరుకోలేరు. పొదలు కొడితే పిలకలు పోతాయి. అక్కడితో బీడు మళ్లీ అడవయ్యే దారి మూసుకుపోయినట్టే.

పోనీ అంతటా వదిలేస్తే అడవి వచ్చేస్తుందా? రాదు. ఇక్కడ రీవైల్డింగ్ భక్తులతో నాకు పేచీ ఉంది. ఇప్పుడు మన కొండల్లో ఖాళీ జాగా దొరికితే ముందు దూకేది మన మొక్క కాదు. బ్రిటిషువాళ్లు 19వ శతాబ్దం మొదట్లో పూలతోటల కోసం అమెరికా ఖండం నుంచి తెచ్చిన లాంటానా. కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టంటారు. పూలు చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. పశువు నోరు పెట్టదు, పెడితే జబ్బు పడుతుంది. కింద గడ్డి మొలవనివ్వదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది, కాలిన వేరు నుంచే మళ్లీ లేస్తుంది. చిత్రం ఏమిటంటే దాని గింజలు మోసేది కూడా మన పిట్టలే, గుడ్డెలుగులే. వాటికి దేశీయం, విదేశీయం తేడా ఏముంది? అందుకని వదిలేయడానికి ముందు కొంత పని చేయాలి. లాంటానాను వేరుతో తీయాలి, తీసినచోట గడ్డో వెదురో ఎదిగేదాకా రెండు మూడేళ్లు కాపు కాయాలి. చేతులు వెనక్కి తీసుకోవడానికి కూడా కొంతకాలం చేతులే కావాలి.

బీల, తంపర

ఉత్తరాంధ్ర భాషలో నాకు బాగా నచ్చే రెండు మాటలు బీల, తంపర. కొండవాలు నుంచి గెడ్డలు, అంటే వాగులు, దిగి, సముద్రపు ఇసుకదిబ్బలు అడ్డుపడి, వాన నీరు పరుచుకుని నిలిచిపోయే పల్లపు నేలలివి. సోంపేట దగ్గర బీల మంచినీటిది. నౌపడా వైపు తంపర సముద్రపు పోటుకు ఉప్పునీరు కలిసేది. జమ్ము, తుంగ, చేపలు, నత్తలు, గేదెల మేత, పైనున్న పొలాలకు తడి. బీల నిండితే చుట్టుపక్కల బావుల్లో నీరు తియ్యగా ఉంటుంది, ఎందుకంటే మంచినీటి బరువే సముద్రపు ఉప్పునీటిని వెనక్కి నెట్టి ఉంచుతుంది. కాగితాల్లో మాత్రం ఇలాంటి నేలలు ఏళ్ల తరబడి పనికిరాని భూములుగా నమోదయ్యాయి. పనికిరానిది అనుకున్న చోటికే బొగ్గు విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న జనం అడ్డుపడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట కాల్పులు జరిగిన రోజునే అక్కడి ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ రద్దు చేసింది.

ఆ జనం నోట రీవైల్డింగ్ అనే మాట రాలేదు. వాళ్లు అడిగింది తమ నీరు, తమ చేపలు, తమ పశువుల మేత. కాని ఎల్లోస్టోన్ వాగుల పాఠం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఒకసారి పూడ్చి, గెడ్డ దారి మళ్లించి, భూగర్భజలం దిగిపోయాక బీలను తిరిగి బీల చేయడం దాదాపు అసాధ్యం. పోయాక తెచ్చే ఖర్చుతో చూస్తే, పోకుండా ఆపడానికి అయ్యేది చాలా తక్కువ. మన జిల్లాల వరకు రీవైల్డింగ్‌లో అన్నిటికన్నా చవకైన పని ఇదే, దీనికి ఫొటోలు మాత్రం బాగా రావు.

ఈ నీళ్ల మీద బతికేవే తేలినీలాపురం పక్షులు. టెక్కలి దగ్గరున్న ఆ ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు వర్షాకాలం చివర గూళ్లు కట్టుకుని, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానలతో పాటు వస్తాయి. రెండు ఊళ్లవాళ్లూ వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. బయటివాళ్లు వచ్చి వీటిని సైబీరియా పక్షులని రాసిపోతుంటారు, ఊరివాళ్లూ ఇప్పుడు అదే చెబుతున్నారు. అది తప్పు. ఈ మూడు జాతులూ దక్షిణాసియా పక్షులే. నీరు, చేప దొరికే చోటును బట్టి మన నేలల మధ్యనే తిరుగుతుంటాయి. ఇది పంతులుగారి సవరణ మాత్రమే కాదు. సైబీరియా పక్షి అనుకుంటే దాని కష్టం సైబీరియాలో ఉందనుకుంటాం. మన పక్షి అని తెలిస్తే, గూడున్న చింతచెట్టుతో పాటు అది మేతకు వెళ్లే తంపర, చెరువు, వరిపొలం కూడా కాపాడాలని తెలుస్తుంది. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చచ్చి రాలాయి. కారణం కడుపులో చేరిన నులిపురుగులు. అవి చేపల ద్వారా సోకుతాయి. చెట్టు దగ్గర ఎంత కాపలా ఉంటే ఏం లాభం, జబ్బు మేత దగ్గర ఉంటే?

దారి అడిగే ఏనుగు

సూలే, నాస్ చెప్పినవాటిలో నడిచే దారి మాట మనకు ఏనుగు నేర్పింది. 2018 నుంచి ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో తిరుగుతోంది. ఒక పెద్ద ఏనుగు రోజుకు నూటయాభై కిలోల దాకా తింటుంది. అడవి ముక్కలైపోయినచోట ఆ నూటయాభై కిలోలు చెరకులోంచి, అరటిలోంచి, కుప్ప వేసిన వరిలోంచి రావాలి. మనుషులు చనిపోయారు. ఏనుగులూ చనిపోయాయి. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర ఒకేసారి నాలుగు ఏనుగులు కరెంటు తగిలి కూలిపోయాయి. చూడ్డానికి వెళ్లినవాళ్లు పసుపు, కుంకుమ, పూలు పట్టుకెళ్లారు. అంతకుముందు నెలల్లో వాటిని తరమడానికి టపాకాయలు పేల్చినవాళ్లు కూడా అందులో ఉండి ఉంటారు. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు. పంట పోయినవాడికి కోపం, చచ్చిన ఏనుగు ముందు భక్తి, రెండూ నిజమే.

దారి లేకపోతే ఏమవుతుందో డచ్చివాళ్లు కూడా చూశారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గరలో సముద్రం నుంచి తీసుకున్న నేల మీద ఓస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అని సుమారు 5,600 హెక్టార్ల తడినేల ఉంది. పాత అడవి జాతులను పోలిన ఆవులను, గుర్రాలను, వాటితో పాటు దుప్పులను తెచ్చి వదిలి, మేత కూడా పెట్టకుండా ప్రకృతికి అప్పగించారు. చుట్టూ కంచె. లోపల వేటాడే మృగం లేదు. జంతువులు పెరిగి పెరిగి, 2017–18 చలికాలంలో మూడు వేలకు పైగా చనిపోయాయి. చాలావాటిని ఆకలితో చావకముందే సిబ్బందే కాల్చేశారు. జనం కంచె మీద నుంచి ఎండుగడ్డి విసిరి ధర్నా చేశారు. అయినా అక్కడి నీటిపక్షుల సంగతి గొప్పదే, అది కూడా చెప్పాలి. కాని కంచె లోపల ప్రకృతి అనేది పెద్ద జంతుప్రదర్శనశాలకు ఇంకో పేరు.

కంచె వద్దంటే జనాన్ని ఖాళీ చేయించాలా అనే ప్రశ్న వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని కునోలో గిర్ సింహాల కోసమని 24 ఊళ్లను ఖాళీ చేయించారు. సింహాలు రాలేదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినా రాలేదు. చివరికి 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి చీతాలు వచ్చాయి. వెళ్లిపోయిన కుటుంబాలు ఏ జంతువు కోసం వెళ్లామని తమ పిల్లలకు చెప్పుకోవాలి? సవర గూడేల ముందు రీవైల్డింగ్ మాట ఎత్తేవాళ్లు ముందు కునో సంగతి చెప్పి తర్వాత మిగతాది మాట్లాడాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్న దేశంలో మనుషులు లేని అడవి అనే ఊహ చట్టపరంగానూ నిలవదు, చరిత్రపరంగానూ నిలవదు.

ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో ఇంకో దారి కనిపిస్తుంది. అక్కడి పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. అభయారణ్యం లేదు, కంచె లేదు. జింక వస్తే వాన వస్తుందని ఊళ్ల నమ్మకం, తేలుకుంచిలో కొంగల గురించి అనుకునేట్టే. 2011లో రెండు వేల పైచిలుకు ఉన్నవి 2021 లెక్కలో 7,358 అయ్యాయి. ఎవరూ విమానంలో తెచ్చి వదల్లేదు. వేట ఆగింది, మేత భరించారు, అంతే. ఆ భరించడం వెనుక రైతు పోగొట్టుకునే పెసరచేను ఉందన్నది మాత్రం ఆ అంకెలో కనిపించదు.

జింకకు ఇచ్చినంత ఓర్పు ఎలుగుకు ఇవ్వమని అడగలేం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలోనే కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, పలువురు గాయపడ్డారు. గుడ్డెలుగు మనిషిని తినదు, భయపడి మీద పడుతుంది. ఆ వివరణ గాయపడ్డవాడికి ఓదార్పు కాదు. కాని ఎందుకు ఎదురుపడుతోందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఉద్దానం తోటల మధ్య చిన్న చిన్న రాతికొండలు ఉన్నాయి. గుహలు, పొదలు, చెదపుట్టలు ఉండేది అక్కడే, ఎలుగు పగలు పడుకునేదీ అక్కడే. టెక్కలి నీలి గ్రానైటుకు దేశవిదేశాల్లో గిరాకీ ఉంది, కాబట్టి కొండలు పలకలవుతున్నాయి. కొండ పోతే ఎలుగు పగలు కూడా తోటలోనే పడుకోవాలి. జీడిపిక్కలు ఏరడానికి వంగిన ఆడమనిషికీ దానికీ మధ్య అప్పుడు పది అడుగులే ఉంటాయి. జీడి పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు. దాని పండు తిని బతకడం మన ఎలుగు నేర్చుకుంది. సగం అది సర్దుకుంది, మిగతా సగం మనం సర్దుకోవాలి.

నన్ను అడిగితే శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కొత్త జంతువును ఒక్కటి కూడా తేనక్కర్లేదు. మిగిలిన రాతికొండల్లో ఎలుగులున్నవాటిని క్వారీలకు ఇవ్వకుండా ఉంచడం, గెడ్డల రెండు పక్కలా నాలుగు బారల మేర దున్నకుండా వదిలేయడం, చెలకకు పదేళ్ల విశ్రాంతి ఇచ్చే కుటుంబానికి ఆ పదేళ్లూ డబ్బు ఇవ్వడం, బీలలను కాగితం మీద బీలలుగా రాయడం, నష్టపరిహారం పంట పోయిన సీజన్‌లోనే చేతికి ఇవ్వడం. చివరిది లేకుండా మొదటి నాలుగూ నడవవు. అడవి పని అడవి చేస్తుంది, దాని ఖర్చు మాత్రం ఇప్పుడు గట్టు పక్కన ఉన్నవాడి ఒక్కడి జేబులోంచే పోతోంది.

ఇదంతా ఆ రోజు రైతుకు చెప్పలేదు. ఆయన వింటూ నిలబడే మనిషి కాదు. మాట్లాడుతూనే వంగి, జీడిచెట్ల వరుసలోకి పాకిన నేరేడు మొలకలను ఒక్కొక్కటే పీకి పక్కన పడేశాడు. గట్టు అంచున, కంచె రాయికి ఆనుకుని ఉన్న ఒక్కదాన్ని మాత్రం వదిలాడు. దాని చుట్టూ ఉన్న గడ్డిని కాలితో అటూ ఇటూ తొక్కాడు.

"ఇది ఉంచారేం?" అని అడిగాను.

"ఇక్కడైతే అడ్డం లేదు" అన్నాడు. కర్ర నేలకు తట్టుకుంటూ, రాత్రి వచ్చినది ఎటు వెళ్లిందో అడుగులు చూస్తూ ముందుకు నడిచాడు.